మొదటి అధ్యాయం, మొత్తం కవిత

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్న తెలుగు రచయితల ఫేస్‌బుక్ గోడలు చూడండి. ముందు ముఖచిత్రం వస్తుంది, తర్వాత ఆవిష్కరణ సభ ఆహ్వానం. ఆపైన శాలువాలు, పూలగుత్తులు, వేదిక మీద పుస్తకం ఎత్తి పట్టుకున్న పెద్దలు. లోపల ఏముందో చూపించే పేజీ ఒక్కటైనా చాలా గోడల మీద కనిపించదు. ఈ లోటు ఎంతటిదో తెలియడానికి ఇద్దరి ప్రచారాన్ని పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకరు అమీష్ త్రిపాఠి, ఇంకొకరు రూపీ కౌర్.

అమీష్ తొలి నవల 'ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా' 2010లో వచ్చింది. దాదాపు ఇరవై మంది ప్రచురణకర్తలు వద్దన్నాక ఆయన ఏజెంటే అచ్చు వేయడానికి పూనుకున్నారు. కాబట్టి దాన్ని పూర్తిగా సొంత ప్రచురణ అనడానికి లేదు గానీ, ప్రచారం మాత్రం అమీష్ తన భుజాన వేసుకున్నారు. ఐఐఎం కలకత్తాలో చదివి, అప్పట్లో ఆర్థిక సంస్థల్లో ఉద్యోగం చేస్తున్న మనిషి ఆయన. మొదటి అధ్యాయాన్ని విడిగా అచ్చు వేయించి పుస్తకాల షాపుల్లో ఉచితంగా పంచిపెట్టించారు. సినిమాకు చేసినట్టు ట్రైలర్ చేయించి యూట్యూబ్‌లో పెట్టారు.

రూపీ కౌర్ పంజాబులో పుట్టి, చిన్నప్పుడే కెనడా వెళ్లారు. ముందు టంబ్లర్‌లో, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో కవితలు పెడుతూ వచ్చారు. 2014 నవంబరులో 'మిల్క్ అండ్ హనీ'ని అమెజాన్ వారి క్రియేట్‌స్పేస్ ద్వారా తానే వేసుకున్నారు. కవితల పక్కన గీసిన బొమ్మలూ ఆమెవే. మరుసటి ఏడాది ఆండ్రూస్ మెక్‌మీల్ సంస్థ దాన్ని తిరిగి ప్రచురించింది. ఆ తర్వాత లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఇద్దరూ సరుకునే ఉచితంగా ఇచ్చారు. కానీ ఆ ఇవ్వడంలో పోలిక లేదు. అమీష్ ఇచ్చింది తుంచిన ముక్క. అది చదివినవాడికి కథ మధ్యలో తెగిపోతుంది, తర్వాత ఏమైందో తెలియాలంటే నవల కొనాల్సిందే. కౌర్ ఇచ్చింది మొత్తం కవిత. ఫోన్ తెర మీద మొదలై అక్కడే పూర్తవుతుంది, మిగిలిందేమీ ఉండదు. మరి పాఠకులు దానికి డబ్బెందుకు పెట్టారు? తెర మీద జారిపోయిన దాన్ని చేతిలో ఉంచుకోవడానికి, స్నేహితురాలికి ఇవ్వడానికి, నచ్చిన పేజీ మడిచి పెట్టుకోవడానికి. అక్కడ పుస్తకం జ్ఞాపకవస్తువు. అమీష్ దగ్గర అది కథకు మిగిలిన భాగం. ఉచితంగా ఇచ్చాక పాఠకుడికి ఇంకా ఏది కావాలనిపిస్తుందన్నదే ప్రచార ప్రణాళికలో మొదటి ప్రశ్న. ఏ రోజు ఎన్ని పోస్టులు పెట్టాలన్నది దాని తర్వాతి సంగతి.

కౌర్ దారికి డబ్బు అక్కర్లేదు, అందుకే మనవాళ్లను ఎక్కువ ఆకర్షిస్తుంది. దానికి వేరే మూల్యం ఉంది. తెరలో పట్టేంత కవితే రాయాలన్న అలవాటు మెల్లగా రాతలోకి దిగుతుంది. ఆమె కవితల్లో చాలావాటికి రెండోసారి చదివితే కొత్తగా ఇచ్చేది తక్కువని నా అభిప్రాయం, అందుకు ఆ చతురస్రపు తెర కూడా కొంత కారణమని నమ్ముతాను. ఇక 2015 మార్చిలో ఋతుస్రావం మీద ఆమె పెట్టిన ఫొటోను ఇన్‌స్టాగ్రామ్ రెండుసార్లు తీసేయడం, లోకమంతా చర్చ జరగడం చాలామందికి తెలుసు. దాన్ని ప్రచార వ్యూహంగా చెప్పేవాళ్లున్నారు. నిజానికి ఆ ఫొటో విశ్వవిద్యాలయంలో ఒక కోర్సు కోసం చేసిన పని. అనుకోకుండా జరిగినదాన్ని పాఠంగా నేర్పితే కొత్త రచయితలు వివాదాల వెంట పడతారు.

ముందే ఇచ్చేస్తే ఎవరు కొంటారన్న భయం తెలుగువాళ్లకు ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ తరం నవలలెన్నో అలా వారం వారం పూర్తిగా చదివించి, ఆ తర్వాతే పుస్తకాలై అమ్ముడుపోయాయి. "తరువాయి వచ్చేవారం" అన్న మాటలోనే అమీష్ ఉపాయమంతా ఉంది. మనకు తెలిసిన విద్యే ఇది.

అయితే మన సొంత ప్రచురణల్లో నవలల పక్కన కథల సంపుటాలు కూడా చాలానే ఉంటాయి. వాటికి ఈ రెండు దారుల్లో ఏదీ యథాతథంగా నప్పదు. కథను సగంలో ఆపి "మిగతాది పుస్తకంలో" అంటే పాఠకుడికి ఒళ్లు మండుతుంది. వాక్యాలు ఏరి రంగుల కార్డుల మీద వేస్తే కథ చచ్చిపోతుంది. సంపుటిలో అన్నిటికన్నా మంచి కథను, అవును, అన్నిటికన్నా మంచిదాన్నే, మొత్తంగా పెట్టాలి. రచయితే చదివి ఆడియో కూడా వదలాలి. ఒక కథ పూర్తిగా నచ్చినవాడు ఆ చేతి రాత ఇంకో పది కావాలంటాడు. ఇవ్వడంలో కౌర్ ధారాళం, మిగల్చడంలో అమీష్ లెక్క రెండూ ఇందులో ఉన్నాయి.

చివరి మెట్టులో మాత్రం ఇద్దరిదీ ఒకటే జాగ్రత్త. పుస్తకం మీద మనసు పడ్డచోటే అది దొరికింది, ఒకరిది షాపులో, ఇంకొకరిది అమెజాన్‌లో. మన పోస్టుల కింద "ఎక్కడ దొరుకుతుందండీ?" అన్న ప్రశ్న పడి ఉంటుంది, జవాబు రెండు రోజులకు వస్తుంది. ధర, పోస్టేజీ, డబ్బు పంపే నంబరు, దొరికే షాపు పేరు కథ కిందే రాయాలి. పుస్తకాలు పంపడానికి తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలే, పన్నులు అదనం. మీ పుస్తకం దాని కిందికి వస్తుందేమో పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి.

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పుస్తకం తేవాలనుకుంటున్న రచయితలకు నా విన్నపం ఒకటే. ముఖచిత్రం కన్నా ముందు, జులైలోనే, మీ మంచి కథ ఒకటి మాకు పూర్తిగా చదవనివ్వండి.