ముల్లు చెప్పే మాట

మాది 1990 నాటి మాజ్డా మియాటా, పైకప్పు మడిచే రెండు సీట్ల చిన్న కారు. వేడెక్కితే కూలెంట్ తియ్యటి వాసన వచ్చేది, నేల మీద మాత్రం ఒక్క చుక్క కనిపించేది కాదు. డాలస్‌లో దాన్ని చూసిన మెకానిక్ ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టలేదు. ఆ ఓపికకే దండం పెట్టాలి. తర్వాత మూత స్థానంలో చేతిపంపు బిగించి, 13 పీఎస్ఐ దాకా మెల్లగా గాలి కొట్టి, మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ముల్లు వెంట్రుకవాసి దిగింది, అంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఇక వేళ్లు కదిలాయి. హోస్ పైపులు నొక్కాడు, క్లిప్పుల కింద తడిమాడు, వాటర్ పంపు దగ్గర ఎండిన తెల్లటి మరక ఉందేమో చూశాడు, హీటర్ కారడం లేదు కదా అని కార్పెట్ కింద అరచెయ్యి పెట్టాడు. చివరికి దొరికింది రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ తొట్టిలో. నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఏళ్ల వేడికి గోధుమరంగుకు తిరిగింది. దాని అంచున సన్నటి బీట. ఒత్తిడి ఉన్నప్పుడే చెమర్చి, ఇంజన్ వేడికి అక్కడికక్కడే ఆరిపోయే తడి!

నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి పని. కొత్త రేడియేటర్ పెట్టాక కారు ముక్కు పైకెత్తి, హీటర్ పూర్తిగా తిప్పి, ఇంజన్ నడుస్తుండగా లోపలి గాలి బుడగలు బుడగలుగా వచ్చేసేదాకా పక్కనే నిలబడ్డాడు. గాలి మిగిలితే కూలెంట్ సరిగా తిరగదు, ఇంజన్ అల్యూమినియం హెడ్ వేడికి వంగిపోవచ్చు. ఆ అరగంట ఏ బిల్లులోనూ కనబడదు. సాయంత్రం పైకప్పు మడిచి ఇంటిదారి పట్టాం. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలో కదలకుండా నిలిచింది, పక్క సీట్లో మా అమ్మాయి దారంతా పాడుతూనే ఉంది.