దేవుడు అడిగినది, ఇల్లు ఇచ్చినది

క్రైస్తవ ధర్మంలో దేవుడు విశ్వాసిని ఏమి అడుగుతాడు? ఈ ప్రశ్నకు బైబిలు ఒకే సమాధానం ఇవ్వదు. అబ్రాహామును కన్నకొడుకునే అడిగినాడు. మీకా ప్రవక్త నోట బలులు వలదని చెప్పి న్యాయాన్ని, కనికరాన్ని, వినయంతో తన వెంట నడవడాన్ని అడిగినాడు. యేసు ధనవంతుడైన యువకునితో ఉన్నదంతా అమ్మి బీదలకు పంచి రమ్మన్నాడు. వేదాంతులు ఈ కోరికలన్నిటిని దైవప్రేమ, పొరుగువాని ప్రేమ అనే రెండు మాటలలో సమన్వయం చేస్తారు. అది వారి పని. సాహిత్యం అడుగవలసినది మరొకటి ఉన్నది: దేవుడు ఒకరిని అడిగినప్పుడు, ఇచ్చుకొనవలసి వచ్చినది ఎవరికి? కొడుకును వెంటబెట్టుకొని కొండకు బయలుదేరిన అబ్రాహాము కథ ఆదికాండంలో ఉన్నది. ఆ ఉదయం తల్లి శారా ఏమనుకొన్నదో ఆ ఘట్టంలో ఒక్క మాటైనా లేదు.

మరాఠీలో లక్ష్మీబాయి తిలక్ (1868-1936) రచించిన ఆత్మకథ 'స్మృతిచిత్రే' ఆ మౌనానికి సమాధానమన్నట్లుగా కనిపిస్తుంది.

ఆమె భర్త నారాయణ వామన్ తిలక్ (1861-1919) చిత్పావన బ్రాహ్మణుడు, కవి. 1893లో రైలు ప్రయాణంలో ఒక పాశ్చాత్యుడు ఆయన చేతికి కొత్త నిబంధన గ్రంథం ఇచ్చినాడు. యేసు కొండమీద చేసిన ప్రసంగం ఆయనను పట్టి నిలిపినది. 1895లో బొంబాయిలో బాప్తిస్మం పొందినాడు. ఆయన గీతాలలో దేవుడు అడిగేది సంపూర్ణ సమర్పణం. తుకారాం సంప్రదాయంలో పెరిగిన ఆ భక్తికి క్రీస్తు పరాయివాడు కాలేదు. ఆ గీతాలు మధురమైనవి, నిష్కపటమైనవి. కాని వాటిలో సమర్పించుకొనేవాడు ఒక్కడే. అతని వెనుక ఒక ఇల్లు ఉన్నట్లు ఆ గీతాలు చెప్పవు.

ఆ ఇంటి కథ చెప్పినది భార్య. ఆమె బడికి పోయి చదువుకొన్నది కాదు, భర్త ప్రోత్సాహంతో అక్షరాలు నేర్చినది. మడి, మైల తప్ప వేరు లోకం లేని తండ్రి ఇంట పెరిగినది. భర్త మతం మారినాడన్న వార్త విన్ననాటికి ఆమె ఒడిలో పసివాడున్నాడు. భర్త బాప్తిస్మానికి, ఆమె బాప్తిస్మానికి నడుమ అయిదేండ్లు గడిచినవి. గ్రంథానికి హృదయస్థానం ఆ అయిదేండ్లే. బంధువుల పంచన బ్రతికిన దినాలు, మళ్ళీ భర్త దగ్గరకు వచ్చి కూడా వేరుగా వండుకొని మడి కాపాడుకొన్న దినాలు ఆమె దాచకుండా చెప్పినది. చివరకు ఆమెను మార్చినది ఉపదేశం కాదు. కులాలను చేసినది దేవుడా, మనుష్యుడా అని తనలో తానే తర్కించుకొని, ఇకమీదట ఎవరి చేతి అన్నమైనా, నీరైనా పుచ్చుకొంటానని నిశ్చయించుకొన్నది. భర్త ఒక్క దూకులో దాటిన ఏటిని ఆమె రాయి తరువాత రాయి మీద అడుగు మోపుతూ దాటినది.

ఈ గ్రంథాన్ని హాస్యానికి మెచ్చుకొన్నవారున్నారు, పతిభక్తికి మెచ్చుకొన్నవారున్నారు. రెండు మెప్పులూ అసలు విషయాన్ని తప్పించుకొనేవే. తిలక్ చేతిలో సొమ్ము నిలువదు. ఎదుట పడిన దీనునికి ఇచ్చివేస్తాడు. దేవుడు అడిగినాడని ఆయన ఇచ్చినది ఆ పూట ఇంటి బియ్యానికి ఉంచిన సొమ్ము. లక్ష్మీబాయి ఈ సంగతి నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు ఫిర్యాదును కప్పిపుచ్చదు, క్షమను చాటుకొనదు. లెక్క మాత్రం తప్పకుండా చెబుతుంది. ఇచ్చే హక్కు ఆయనకు ఉన్నదా అన్న ప్రశ్నకు ఆమె తీర్పు చెప్పలేదు. ఇది లోపమని కొందరు అనవచ్చు. కాని తీర్పు చెప్పి ఉంటే ఆ గ్రంథం వాదగ్రంథమై ఉండేది. తీర్పును పాఠకునికి విడిచిపెట్టినందువల్లనే అది సాక్ష్యమైనది.

ఆమె ఇచ్చినది అంతటితో ముగియలేదు. తిలక్ 'క్రిస్తాయన' మహాకావ్యాన్ని పది అధ్యాయాలు వ్రాసి మరణించినాడు. మిగిలిన అరువదినాలుగు అధ్యాయాలను ఆమె పూర్తిచేసినది. భర్త మొక్కుకొన్న మొక్కును ఇక్కడ కూడా భార్యయే చెల్లించినది.

తెలుగు పాఠకునికి ఇక్కడ జాషువ స్ఫురించక మానడు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమి పురస్కారం లభించినది. కాని ఈ ప్రశ్నకు సమీపంగా వచ్చేది 'గబ్బిలం' (1941). అందులో దేవుడు మనుష్యుని అడుగడు, అంటరానివాడే గబ్బిలం చేత ఈశ్వరునికి తన మొర పంపుతాడు. లక్ష్మీబాయి విడిచిపెట్టవలసిన మడి ఏదో, జాషువ నాయకుని గుడి బయట నిలిపినది అదే. ఒకరికి అది త్యాగం, మరొకరికి అది బాకీ. ఈ రెండు గ్రంథాలను ప్రక్కప్రక్కన ఉంచి చదివినప్పుడు మీకా ప్రవక్త న్యాయాన్ని మొదట చెప్పి, కనికరాన్ని తరువాత చెప్పడంలోని ఔచిత్యం బోధపడుతుంది. దేవుడు అడిగేది చాలచోట్ల కానుక కాదు, ఎన్నడో చెల్లించవలసి ఉండిన అప్పు.