ఒక్క పని కోసం ఒక భాష

సీ, జావా, పైథాన్ ఏ పనికైనా పనికొచ్చే ప్రోగ్రామింగ్ భాషలు. ఒకే రంగం కోసం పుట్టినవి వేరే ఉన్నాయి. డేటాబేస్ నుంచి వివరాలు రాబట్టే ఎస్‌క్యూఎల్, పుస్తకాల అక్షరకూర్పుకు డొనాల్డ్ కనూత్ 1978లో తెచ్చిన టెక్ అలాంటివే.

టెక్‌తో తెలుగు అచ్చువేయడానికి ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణ్‌కుమార్ తెలుగుటెక్ తయారుచేశారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతంపై పరిశోధన చేసిన కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్‌తో కలిసి, తెలుగును ఇంగ్లిష్ కీబోర్డుతో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. ఆ రాతను తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాంనూ తయారుచేశారు.

ఆర్‌టీఎస్‌లో ‘మరిపెడ’కు ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలు కొట్టాలి. ఏడోది పెద్ద ‘డీ’. చిన్నది కొడితే ‘మరిపెద’ అవుతుంది. ‘రి’కి గుడి, ‘పె’కు ఎత్వం ఎక్కడ పెట్టాలో చెప్పనక్కర్లేదు. ‘అమ్మ’లో రెండో ‘మ’ వత్తుగా కిందికి దిగాలనీ చెప్పనక్కర్లేదు. హల్లు వెంట అచ్చు వస్తే గుణింతం, హల్లు వెంట హల్లు వస్తే వత్తు. ఈ సూత్రాలు ప్రోగ్రాంకు ముందే తెలుసు.

రాసేవారు చెప్పకుండా వదిలేసినదాన్ని కంపైలర్, అంటే ప్రోగ్రాంను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే సాధనం, ఎంతవరకు పూరించగలదన్నదే ఒకే రంగం కోసం పుట్టిన భాషలపై పరిశోధనలో అసలు ప్రశ్న. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రవితేజ ముళ్లపూడి, వినయ్ వాసిస్త, ఉదయ్ బొందుగుల రూపొందించి 2015లో ప్రకటించిన పాలీమేజ్ ఫొటోలను సవరించే ప్రోగ్రాంల కోసం పుట్టిన భాష. ఒక్కో దశలో ఒక్కో పిక్సెల్ విలువను ముందు దశలోని ఏ పిక్సెళ్ల నుంచి లెక్కగట్టాలో రాస్తే చాలు. బొమ్మను ఎలా ముక్కలు చేయాలి, డేటా ప్రాసెసర్ దగ్గరి చిన్న మెమరీ (క్యాష్) దాటిపోకుండా ఏయే దశలను కలిపి నడపాలి, పనిని ప్రాసెసర్ కోర్లకు ఎలా పంచాలి అన్నవి కంపైలరే తేల్చుకుని సీ++ కోడ్ ఇస్తుంది.

సీలో రాసిన ప్రోగ్రాం విషయంలో కంపైలర్‌కు ఇంత చొరవ ఉండదు. రెండు పాయింటర్లు మెమరీలో ఒకే చోటును చూపిస్తున్నాయేమోనన్న అనుమానం ఉన్నంతకాలం లెక్కల వరస మార్చడానికి జంకుతుంది. పాలీమేజ్‌లో పాయింటర్లే ఉండవు కాబట్టి ఆ జంకు లేదు. భాషలో కొన్ని సౌకర్యాలు తీసేయడం వల్లే కంపైలర్‌కు స్వేచ్ఛ దొరికింది.

దీనికి ఖర్చూ ఉంది. కొత్త భాషకు కంపైలర్, తప్పులు పట్టే సాధనాలు, నేర్పే పుస్తకాలు మొదటినుంచీ తయారుచేసుకోవాలి. ఆ భారం తగ్గించడానికే చాలా చిన్న భాషలను పెద్ద భాషల లోపలే ఇముడుస్తారు. పాలీమేజ్ పైథాన్‌లో ఉంది. చుట్టూ సాంకేతికత మారితే మరో చిక్కు. యూనికోడ్ వచ్చాక ఆర్‌టీఎస్ రాతను అచ్చు కోసం తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాంల అవసరం తగ్గింది. ఆర్‌టీఎస్ బాణీ మాత్రం తెలుగు టైపింగ్ సాధనమైన లేఖినిలోనూ తెలుగు వికీపీడియా టైపింగ్‌లోనూ కొనసాగింది. దాని సూత్రాలు ఏ ఫాంటుకూ కట్టుబడలేదు, తెలుగు వర్ణమాలకే కట్టుబడ్డాయి.