గిలాబా మేస్త్రి ఉన్నడు, అలికే మనిషేది?

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో గోడకు సిమెంటు పూస్తే ‘గిలాబా’ అంటరు. కోస్తా జిల్లాల వాడుకలో అది తాపీ పని. ఇంజనీరు నోట ప్లాస్టరింగ్. అదే గోడకు ఆడమనిషి ఎర్రమన్ను మెత్తి, పెండతో అలికితే మాత్రం ‘ఇంటిపని’. తేడా గోడలో లేదు, చేసే చేతికి సమాజం కట్టిన విలువలో ఉంది.

గిలాబా ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. గిల్ అంటే మట్టి, ఆబ్ అంటే నీళ్ళు. అంటే మేస్త్రి సిమెంటు పనికి పెట్టుకున్న పేరు మన అవ్వల చేతిలోని మట్టినీళ్ళదే! పేరు మగవాని కూలితో పోయింది. మట్టినీళ్ళు మాత్రం ఆడదాని చేతికే మిగిలినయి, అదీ కూలి లేకుండ.

ఇందులో తెలివి లేదా? వట్టి జిగటమన్ను పూస్తే ఎండినంక నెర్రెలు బాస్తది. అందుకే పొట్టు కలిపి, కాళ్ళతో తొక్కి, నానబెడతరు. మెత్తుడు వేరు, పూసుడు వేరు, అలుకుడు వేరు. మెత్తుడు గోడకు మందమిస్తది. పూసుడు గుంతలు కప్పి నునుపు చేస్తది. అలుకుడు దుమ్ము లేవకుండ పైపొరను పట్టి ఉంచుతది. ఆ తర్వాతే సున్నం, జాజు. రంధా, బద్ద పట్టినవాని లెక్క నైపుణ్యమైతే అరచేతితో మందం తెలుసుకునే లెక్క ఏమైతది?

తెలుగులో పనివాళ్ళ మాటలకు గౌరవం తెచ్చిన పుస్తకం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం. పండితుని నోరు విడిచి రైతు నోటి దగ్గరికి పోయిన ఆ పద్ధతి మేలును కాదనలేం. కాని ‘వృత్తి’ అన్న మాటే ఒక కంచె. కులం గుర్తించిందీ కూలి ముట్టిందీ వృత్తి అయితే, ఒకరి ఇల్లు మెత్తి తవ్వెడు జొన్నలు తెచ్చుకున్న మాదిగ అవ్వ పని ఏ అధ్యాయంలోకి వస్తది? అలుకుడు అనే మాట దొరుకుతది. అలికే మనిషికి మేస్త్రి వంటి పేరు దొరకదు. క్రియ ఉంది, కర్త లేదు.

ఇది పదాల ముచ్చటే కాదు. 1996లో రెండు సంగతులు జరిగినయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరివాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 111 జీవో వచ్చింది. అయినా మొయినాబాద్‌లో ఫామ్‌హౌజులు లేవనే లేచినయి. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను తీసేసింది. అదే 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. దాని కింద పేరు నమోదు కావాలంటే గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఆ పని చేసి ఉండాలని పెట్టిండ్రు. పేరున్న పనికే రుజువు సులువు. మట్టి మోసి, నీళ్ళు కొట్టి, మేస్త్రికి తట్ట అందించే ఆడమనిషిని ఏమని రాయాలె? ‘లేబర్’ అంటే సరిపోతదా?

మనమూ తప్పు ఒప్పుకోవాలె. దొర ఇంట్లో కూలి లేని చాకిరికి వెట్టి అని పేరు పెట్టి కొట్లాడినం. మన ఇంటి ఆడవాళ్ళ చాకిరికి ఏ పేరూ పెట్టలేదు. రేపు ఎవరన్నా చేవెళ్ల వైపు పదాలు ఏరబోతే మేస్త్రి దగ్గర ఆగొద్దు. గోడకు ఇవతల తట్ట మోస్తున్నామెను గూడ అడగాలె. మాట ఒక్కటే రాసుకొని రావొద్దు. ఆ మాట ఎవరిదో, ఆ పనికి ఏం ముట్టిందో పక్కనే రాయాలె.