హాల్డేన్ చూపిన దారి

1964 డిసెంబరులో జె.బి.ఎస్. హాల్డేన్ భువనేశ్వర్‌లో కన్నుమూశారు. చనిపోయాక కూడా తన శరీరం ఎవరికైనా పనికిరావాలని ఆయన కోరుకోవడంతో, పార్థివదేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. పరిణామ సిద్ధాంతానికి గణితాన్ని జోడించిన మహామహుల్లో ఆయన ఒకరు. అంతటి శాస్త్రవేత్త బ్రిటన్‌లో ఉన్నప్పుడు డెయిలీ వర్కర్ అనే కార్మికుల పత్రికకు ఏళ్ల తరబడి వందల వ్యాసాలు రాశారు. జీవశాస్త్రం చదివే పిల్లలకు జనంతో మాట్లాడడం నేర్పాలంటే ముందు ఆయన్ని చదివించాలంటాను.

పాఠకుడికి తెలిసినదానితో మొదలుపెట్టి తెలియని సూత్రం దాకా నడిపించడం ఆయన పద్ధతి. జంతువుల పరిమాణం మీద 1926లో రాసిన వ్యాసంలో ఒక చిట్టెలుక లోతైన గనిలో పడుతుంది. కాస్త అదిరిపడి, లేచి తన దారిన వెళ్లిపోతుంది. మనిషి పడితే బతకడు. ప్రాణి చిన్నదయ్యేకొద్దీ బరువు తగ్గినంతగా ఒంటి ఉపరితలం తగ్గదు. అందువల్ల బరువుతో పోలిస్తే దాన్ని ఆపే గాలి బలం ఎక్కువ. చదవడానికి ఎంత సరదాగా ఉన్నా అందులో లెక్క తప్పలేదు.

1957లో కలకత్తా వచ్చి స్థిరపడ్డాక కూడా, ఖరీదైన పరికరాలు లేవని ఆగిపోకుండా చుట్టూ ఉన్న చెట్టూచేమా చూసి లెక్కపెట్టమని శిష్యులను ప్రోత్సహించారు. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు వారిలో ఒకరు. ఏ రంగు లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుకలు వాలుతున్నాయో గమనించి, ఆ ఫలితాలను 1960లో నేచర్ పత్రికలో ప్రచురించారు. స్వయంగా లెక్కపెట్టినవాడికి తాను చూసినదెంతో, ఊహించినదెంతో తెలుస్తుంది. జనం ముందు నిలబడ్డప్పుడు ఆ రెండూ కలిసిపోకూడదు.

తరగతిలో చేయించదగ్గ సాధన ఒకటి చెబుతాను. యాంటీబయాటిక్స్ ఎందుకు పనిచేయడం మానేస్తాయో మందుల షాపుకొచ్చిన మనిషికి చెప్పమనండి. చాలామంది మొదట రాసేది, “మందు ఒంటికి అలవాటైపోతుంది” అని. ఇది తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో భారత్ సహా 12 దేశాల్లో చేసిన సర్వేలో 76 శాతం మంది మందును తట్టుకునే శక్తి శరీరానికే వస్తుందనుకున్నారు. దిద్దమంటే, “బ్యాక్టీరియా మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి” అని రాస్తారు. ఇది ఇంకా మోసకారి, ఎందుకంటే సగం నిజం. బ్యాక్టీరియా అవసరం తెలుసుకుని మారవు. కోట్ల కణాల్లో ఏ కొన్నిట్లోనో జన్యువుల్లో యాదృచ్ఛికంగా మార్పు వచ్చి ఉంటుంది. మందు మిగతావాటిని చంపేస్తే ఆ కొన్నీ మిగిలి పెరుగుతాయి. కొన్నిసార్లు ఆ జన్యువులను పక్క బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. ఇంత విషయాన్ని నాలుగు మాటల్లో, ఏదీ వక్రించకుండా రాయడానికి విద్యార్థికి వారం పట్టినా ఫరవాలేదు. ఆ వారంలో డార్విన్ సిద్ధాంతం పరీక్ష కోసం చదివినదానికన్నా బాగా అర్థమవుతుంది.

అంకెల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. జబ్బు ముప్పు రెట్టింపైందంటే గుండె గుభేలుమంటుంది. పదివేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తోందంటే విన్నవాళ్లు నిమ్మళంగా ఆలోచించుకుంటారు. రెండూ నిజమే, కానీ రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడం అన్యాయం.

రాసింది సరిగా ఉందో లేదో అధ్యాపకుడొక్కడే తేల్చకూడదు. సైన్సు చదవని పెద్దవాళ్లెవరికైనా వినిపించి, “మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి” అని అడిగించాలి. “ఒంటికి అలవాటు” అని నమ్మే మనిషి, తాను మాత్రలు ఎప్పుడూ మింగలేదు గనుక తనకేం కాదనుకుంటాడు. కానీ మొండికేసిన బ్యాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. “అయితే నేను ఏ మందూ వాడకపోయినా అది నాకూ అంటుకోవచ్చా?” అని ఆ పెద్దమనిషి తిరిగి అడిగితే విద్యార్థి సరిగ్గా చెప్పినట్టే. జువాలజీ రికార్డులో బొమ్మలకు మార్కులు వేస్తున్నట్టే దీనికీ వేయాలి.