మాటల్లేని పుస్తకం

మెర్సర్ మేయర్ 1969లో ‘ఫ్రాగ్, వేర్ ఆర్ యు?’ అనే బొమ్మల పుస్తకం తెచ్చాడు. కథ పొడవునా ఒక్క మాట లేదు, ఉన్నవి 24 బొమ్మలు. సీసాలోని కప్ప రాత్రివేళ జారుకుంటుంది. తెల్లారాక ఓ పిల్లాడు, వాడి కుక్క దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోతారు. అంతే. ఇంత చిన్న పుస్తకం పిల్లల భాషను పరిశీలించేవాళ్లకు గొప్ప పనిముట్టయింది. అందులోని పనితనం అలాంటిది.

ఒకచోట పిల్లాడు నేలలోని బొరియలోకి తొంగి కేకేస్తుంటాడు. అదే సమయంలో కుక్క తేనెపట్టు వెంట పడుతుంది. కథ చెప్పే పిల్ల ఈ రెంటినీ కలపాలంటే ‘ఇంతలో’ అనో, ‘వాడిటు చూస్తుంటే అదటు’ అనో అనక తప్పదు. ఇంకాస్త ముందుకెళ్తే పిల్లాడు బండ ఎక్కి, కొమ్మలు పట్టుకుని పిలుస్తాడు. తీరా చూస్తే అవి కొమ్మలు కావు, దుప్పి కొమ్ములు! ‘కొమ్మలనుకున్నాడు, కానీ...’ అనగలిగితే ఆ బొమ్మ అందినట్టే. ఇంకొకరి మనసులోని పొరపాటును చెప్పే వాక్యాన్ని, తానొక్క అక్షరం రాయకుండా, మేయర్ పిల్లల నోట పలికిస్తాడు. రూత్ బెర్మన్, డాన్ స్లోబిన్ ఈ బొమ్మలతోనే అయిదు భాషల్లో కథలు చెప్పించి, 1994లో పెద్ద గ్రంథం వెలువరించారు.

తరగతి గదిలో దీని విలువ ఇంకా ఎక్కువ. తెలుగులో ‘కొమ్మ’కు ఒక కొమ్మిస్తే ‘కొమ్ము’ అవుతుంది. ఆ చిన్న గుర్తు దగ్గర ఇద్దరు పిల్లలు తడబడ్డారనుకోండి. ఒకరికి డిస్లెక్సియా, అంటే అచ్చు చదవడంలో ఇబ్బంది, ఉండొచ్చు. ఇంకొకరు ఇంట్లో సవర మాట్లాడే పిల్ల కావచ్చు. ఆమెకు తెలుగే కొత్త. తప్పు ఒకటే, కారణాలు వేరు. మార్కుల్లో ఆ తేడా కనపడదు.

అది చూడకపోతే ఏమవుతుందో కాలిఫోర్నియాలో డయానా కేసు చెప్పింది. స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలు తొమ్మిదిమందిని ఇంగ్లిష్ పరీక్షలు పెట్టి, బుద్ధిమాంద్యం ఉందంటూ వేరే తరగతుల్లో వేశారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే ఎక్కువమంది బుద్ధిమాంద్యానికి పెట్టిన గీత దాటేశారు. 1970 నాటి ఒప్పందంతో పిల్లల్ని ఇంటి భాషలో పరీక్షించాలన్న నియమం వచ్చింది. మనకు గిడుగు రామమూర్తి ఉన్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, 1938లో నిఘంటువునూ అచ్చులోకి తెచ్చారు.

ఆ సవర పిల్లకే ఈ పుస్తకమిచ్చి, సవర తెలిసినవాళ్ల ఎదుట కథ చెప్పమనాలి. దుప్పి దగ్గర కథ చక్కగా మలుపు తిరిగితే, ఆమెకు కావలసింది తెలుగు నేర్చుకునే వ్యవధి, ఓపికగా నేర్పే టీచరు. ఇంటి భాషలోనూ ఈడు పిల్లలకన్నా బాగా వెనకబడితే నిపుణులు లోతుగా చూడాలి. భాషాలోపమనేది ఉంటే ఒక్క భాషతో ఆగదు. కథ గలగలా చెప్పి, ఎంత నేర్పినా అచ్చు దగ్గరే ఆగిపోయే పిల్లలకు చదివే తీరును విడిగా పరీక్షించాలి. ఈ పుస్తకం ఒక్కటే తీర్పు చెప్పలేదు, ఎటు వెతకాలో చూపుతుంది.

చివర్లో పిల్లాడు నీళ్లలో పడతాడు. ఏదో చప్పుడు విని చెవి దగ్గర చెయ్యి పెడతాడు. కుక్కకు ‘ష్’ అని సైగ చేస్తాడు. దుంగ అవతలికి తొంగిచూస్తే కప్ప, దాని సంసారం! అన్ని కేకలేసినా దొరకని కప్ప, వాడు నోరు మూసి చెవి ఒగ్గాకే దొరికింది.