లెక్కకు అందని ఆట

1970 అర్జున అవార్డుల జాబితాలో బాస్కెట్‌బాల్ నుంచి గులాం అబ్బాస్ మూంతాసిర్ ఉన్నారు. బొంబాయి నాగ్‌పాడాలో ఆట నేర్చి దేశ జట్టుకు కెప్టెన్ అయినాయన. అదే జాబితాలో బాల్ బ్యాడ్మింటన్ నుంచి జమ్మలమడక పిచ్చయ్య గారు ఉన్నారు. కృష్ణా జిల్లాలో పుట్టి వరంగల్‌లో స్థిరపడ్డ మనిషి. బాల్ బ్యాడ్మింటన్‌కు అర్జున రావడం అదే మొదలు. రెండు ఆటల్లోనూ అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. కోర్టుల కొలతల్లోనూ పెద్ద తేడా లేదు. బాస్కెట్‌బాల్‌కు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. బాల్ బ్యాడ్మింటన్‌కు 24, 12. తేడా అంతా ఎవరు ఏం చేశారో రాసిపెట్టుకునే పద్ధతిలో ఉంది. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

మా సత్తెనపల్లిలో సాయంత్రం పూట ఏ గ్రౌండు వైపు వెళ్లినా 23 నంబరు ఎర్ర బనియను తొడుక్కున్న కుర్రాడు ఒకడైనా కనిపిస్తాడు. మొన్న ఒకణ్ణి ఆపి "ఆ నంబరు ఎవరిదిరా?" అని అడిగాను.

"మైకేల్ జోర్డాన్‌ది అంకుల్. ఆరు టైటిళ్లు. ఆరుసార్లూ ఫైనల్స్ బెస్ట్ ప్లేయర్ ఆయనే" అన్నాడు గుక్క తిప్పుకోకుండా.

లాక్‌డౌన్ ఏడాది వచ్చిన పది భాగాల డాక్యుమెంటరీ మొత్తం చూశాడట. మొత్తం 32,292 పాయింట్లని చెప్పాడు. 1998 జూన్ 14న యూటా జట్టు మీద ఇంకా 5.2 సెకన్లు మిగిలి ఉండగా వేసిన చివరి బుట్ట గురించి చెప్పాడు. వాడు పుట్టకముందు ఎక్కడో అమెరికాలో జరిగిన ఆట అది. సెకనులో పదో వంతుతో సహా సత్తెనపల్లి కుర్రాడి నోట్లో ఉంది. నాకు ముచ్చటేసింది. ఆట గొప్పదైతే చాలదు, దాన్ని ఇంత శ్రద్ధగా రాసిపెట్టిన వాళ్లుంటేనే ఇది సాధ్యం.

"మరి బిల్ రసెల్ తెలుసా?" అన్నాను.

"ఎవరంకుల్?"

అక్కడ ఆగాడు. తప్పు వాడిది కాదు. రసెల్ ఆడిన ఆటలో సగం ఏ లెక్కల పుస్తకానికీ ఎక్కలేదు.

రసెల్ 1934లో లూసియానా రాష్ట్రంలోని మన్రోలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. పిల్లాడిగా ఉండగానే వాళ్లు కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌కు వలస వెళ్లారు. సాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయానికి 1955లోనూ, 1956లోనూ జాతీయ కాలేజీ టైటిల్ తెచ్చాడు. అదే 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం. అక్కణ్ణుంచి నేరుగా బోస్టన్ సెల్టిక్స్ జట్టులో చేరాడు. ఆడింది 13 సీజన్లు, గెలిచింది 11 టైటిళ్లు. చివరి మూడు సీజన్లు ఆటగాడూ ఆయనే, కోచ్ కూడా ఆయనే. అమెరికా వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏలో ఒక నల్లజాతి మనిషి హెడ్ కోచ్ కావడం అదే మొదటిసారి. 1961లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో హోటలు వాళ్లు నల్ల ఆటగాళ్లకు తిండి పెట్టం పొమ్మన్నారు. రసెల్, ఆయన తోటి నల్ల ఆటగాళ్లు ఆ ఊళ్లో ఆడకుండా తిరిగి వెళ్లిపోయారు.

పాయింట్ల సగటు చూస్తే మ్యాచికి 15.1. జోర్డాన్ సగటులో సగం. ఆ అంకె ఒక్కటే చూసినవాడికి రసెల్ మామూలు ఆటగాడే. ఆరడుగుల పది అంగుళాల ఆ మనిషి పని బుట్టలో బంతి వేయడం కాదు, వేయనివ్వకపోవడం. ఎదుటివాడు గాలిలోకి లేచి బంతి వదిలే క్షణంలో చెయ్యి అడ్డం పెట్టి ఆపేసేవాడు. అందరిలా ఆ బంతిని ప్రేక్షకుల్లోకి కొడితే చప్పట్లు వస్తాయి గాని, బంతి మళ్లీ ఎదుటి జట్టుకే పోతుంది. రసెల్ దాన్ని మెత్తగా తట్టి తనవాడికి అందేలా వేసేవాడు. ఆపిన బంతే క్షణంలో తమ దాడి అయ్యేది. ఇంత చేసినా ఆ బ్లాకులు ఎన్నో అధికారిక లెక్క లేదు. ఎన్‌బీఏ బ్లాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్లో. రసెల్ ఆట మానేసింది 1969లో. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా ఆ 1969లోనే మొదలైంది, అదీ ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కు వెళ్లింది. 2009 నుంచి ఆ అవార్డుకు బిల్ రసెల్ పేరే పెట్టారు. జీవితంలో ఒక్కసారి కూడా ఆయనకు అందని అవార్డు అది.

నాకు రసెల్ మీద ఇంత అభిమానం ఎందుకంటే నేను బాల్ బ్యాడ్మింటన్లో బ్యాక్ ఆడినవాణ్ణి. ముందు ఆడేవాళ్లకు ఈలలు, వెనక ఆడేవాడికి దుమ్ము. ఈ ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తెలిసినవాళ్లు ఓపిక పట్టాలి.

పసుపుపచ్చ ఉన్ని బంతి. బరువు 27 నుంచి 30 గ్రాములు, అడ్డకొలత అయిదు సెంటీమీటర్ల పైచిలుకు. షటిల్ కాక్ అయిదు గ్రాములే, టెన్నిస్ బంతి దాదాపు అరవై. మధ్యలో మాది. బంతి నేల తాకకూడదు, ఒంటికి తగలకూడదు, ఒక జట్టు వరసగా రెండుసార్లు కొట్టకూడదు. అంటే టెన్నిస్‌లా ఒక గంతు వేయనిచ్చి కొట్టే వెసులుబాటు లేదు. వచ్చింది వచ్చినట్టు గాలిలోనే తిప్పి పంపాలి. పన్నెండు మీటర్ల వెడల్పు కోర్టులో ఎవరి జాగా వాళ్లది. ముందు ఇద్దరు, నడుమ సెంటర్, వెనక ఇద్దరు. సర్వీసు నడుము కింద నుంచే. ఒకప్పుడు 29 పాయింట్లకు ఆట, ఇప్పుడు 35. మూడింట రెండు గెలిచినవాళ్లది మ్యాచి.

ఆటకు పుట్టిల్లు తంజావూరు అంటారు. అక్కడి రాజకుటుంబం 1856 నాటికే ఆడేదని చెబుతారు. అంటే మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో వ్యాయామశాల బాల్కనీకి పీచ్ పండ్ల బుట్టలు కట్టించి బాస్కెట్‌బాల్ పుట్టించడానికి ముప్పై అయిదేళ్ల ముందు సంగతి. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి పుట్టిన ఆట అది. మాది ఆరుబయలు ఆట. కాబట్టి కోర్టులో పదకొండో ఆటగాడు ఒకడుంటాడు, గాలి.

ఈ పల్నాడు ఎండల్లో ఆడినవాళ్లకు ఆ ఆటగాడి సంగతి నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మిరప కల్లాల ఘాటుతో కలిసి పడమటి నుంచి వడగాలి కొడుతుంది. ఉన్ని బంతిని గాలికి ఎదురుగా ఎంత బలంగా కొట్టినా నెట్టు దాటగానే ఊపిరి పోయినట్టు వాలిపోతుంది. గాలి వాలున కొడితే మెల్లగా లేపినది కూడా వెనక గీత దాటి పోతుంది. బ్యాటును కాస్త వాల్చి బంతి పక్కను కోస్తే గాలిలో అది చివరి క్షణాన పక్కకు జరుగుతుంది. అందుకే మంచి బ్యాక్ ముందు బంతిని చూడడు. కంది తూర్పారబట్టే మనిషి చాట ఎత్తకముందు గాలిని చూసుకున్నట్టు నిలబడి చూసుకుంటాడు. ఆ తర్వాతే ఎదుటి బ్యాటు వాలు, మణికట్టు, చివరికి బంతి. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద ఆడితే గాలి తగ్గుతుంది గాని మంచు పడుతుంది. ఉన్ని తడిసి బంతి బరువెక్కి, మొదటి సెట్టులో పనికొచ్చిన కొలతలన్నీ రెండో సెట్టులో తారుమారు అవుతాయి.

ఇప్పుడు పాయింటు ఎలా వస్తుందో చూడండి. ఎదుటి సెంటర్ గట్టిగా స్మాష్ కొడతాడు. వెనక ఉన్నవాడు వంగి, మోకాలి దగ్గర దాన్ని అందుకుని, ఎత్తుగా ఎదుటి వెనక మూలకు పంపుతాడు. వాళ్లు తిరిగి కొడతారు. ఈయన మళ్లీ అదే మూలకు పంపుతాడు. మూడోసారి ఎదుటివాళ్ల సెంటర్ ఓపిక చచ్చి ఆ మూలకు సాయానికి జరుగుతాడు. నడుమ ఖాళీ. ఇటు ముందు ఉన్న కుర్రాడు ఆ ఖాళీలో టప్పున వేస్తాడు. ఈల వేస్తారు, కుర్రాణ్ణి ఎత్తుకుంటారు. స్కోరు షీట్లో జట్టుకు ఒక పాయింటు పడుతుంది. మూడుసార్లు మోకాళ్ల మీద వంగిన మనిషి ఏ గడిలోనూ ఉండడు. బాస్కెట్‌బాల్లో బుట్ట వేసినవాడికి పాయింట్లు, అందించినవాడికి అసిస్ట్, గురి తప్పి తిరిగొచ్చిన బంతి పట్టినవాడికి రీబౌండ్, ఎవరిది వాళ్లకు రాస్తారు. అక్కడే రసెల్‌కు అన్యాయం జరిగిందంటే, అన్నీ జట్టు ఖాతాకే పోయే ఆటలో మాలాంటివాళ్ల గతి చెప్పాలా!

పిచ్చయ్య గారి దగ్గరకు వస్తాను. ఆయన పుట్టింది 1918లో. బాల్ బ్యాడ్మింటన్‌కు దేశవ్యాప్త ఫెడరేషన్ ఏర్పడింది 1954లో. అప్పటికే ఆయనకు ముప్పై అయిదేళ్లు నిండాయి. రసెల్ ఆట మానేసిన వయసు అది. అర్జున అందుకునేనాటికి యాభై దాటాయి. 2021 డిసెంబరు 26న వరంగల్‌లో కన్నుమూసేసరికి నూరేళ్లు దాటేశాయి. రసెల్ కూడా ఆ తర్వాత ఏడు నెలలకే, 2022 జులై 31న, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో పోయాడు. రసెల్ పోయిన కొద్ది రోజులకే ఎన్‌బీఏ ఆయన 6 నంబరును లీగ్ మొత్తంలో ఇంకెవరికీ కొత్తగా ఇవ్వకుండా పక్కన పెట్టింది. ఏ ఆటగాడికీ అంతకుముందు అలా చేయలేదు. పిచ్చయ్య గారి వార్త మన పత్రికల్లో వచ్చింది, నేనూ చదివాను. మర్నాడు గ్రౌండులో దాని గురించి మాట్లాడినవాళ్లు పెద్దవాళ్లే.

పిచ్చయ్య గారి తర్వాత ఈ ఆటకు అర్జున వచ్చింది అయిదుగురికి. 1972లో జె. శ్రీనివాసన్, 1973లో ఎ. కరీం, 1975లో ఎల్.ఎ. ఇక్బాల్, 1976లో ఎ. శామ్ క్రిస్టుదాస్, 1984లో డి. రాజారామన్. అంతటితో సరి. ఒలింపిక్స్‌లో లేదు, ఆసియా క్రీడల్లో లేదు, ఆడే దేశాలు తక్కువ, కాబట్టి అవార్డులు రావు అంటారు. నిజమే. కాని ఒలింపిక్స్‌లో ఉన్న ఆట పరిస్థితి మాత్రం ఏమంత ఘనంగా ఉంది? మన బాస్కెట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒక్కసారి, 1980 మాస్కోలో. అది కూడా చాలా దేశాలు బహిష్కరించిన ఏడాది. 23 నంబరు బనియను కుర్రాడికి మూంతాసిర్ పేరు కూడా కొత్తే. క్రికెట్టు అన్నిటినీ మింగేసిందని ఏడవడం నాకు విసుగు. క్రికెట్టు మన నోరేమీ కట్టెయ్యలేదు, మన కలం లాక్కోలేదు.

రసెల్ విషయంలో అంకెలు చెయ్యని పని మాటలు చేశాయి. ఆయనే ఇతర రచయితలతో కలిసి కూర్చుని 1966లో ఒకటి, 1979లో ఒకటి పుస్తకాలు రాశాడు. బంతిని ఎటు తట్టాలని ఆలోచించేవాడో, ఎదుటివాడి మనసులో భయం ఎలా నాటేవాడో అన్నీ చెప్పాడు. తోటి ఆటగాళ్లు చెప్పారు, ఎదుట ఆడి ఓడినవాళ్లు చెప్పారు, విలేఖరులు రాశారు. ఆయనకు మనుషుల పొగడ్తలంటే పడేది కూడా కాదు. 1972లో బోస్టన్‌లో తన నంబరును పైకి ఎగరేసే వేడుకను ప్రేక్షకులను లోపలికి రానివ్వకముందే ఖాళీ స్టేడియంలో జరపమన్నాడు. అంత బిగువు మనిషి కూడా ఆట రహస్యాలు మాత్రం దాచుకోలేదు.

మన దగ్గర ఆ అలవాటే లేదు. ప్రతి ఊళ్లోనూ ఒక గొప్ప బ్యాక్ ఉంటాడు. ఆయన మణికట్టు గురించి అరుగు మీద గంటసేపు చెబుతారు. ఆయన పోయిన ఏడాది దాకా చెబుతారు. తర్వాత చెప్పేవాళ్లూ పోతారు. మా ఊరి వావిలాల గోపాలకృష్ణయ్య గారు గ్రంథాలయోద్యమంలో తిరిగిన మనిషి. ఊరికో లైబ్రరీ ఉండాలని పాటుపడ్డ తరం అది. అలాంటి ఊళ్లో ఉండి, మన ఆటగాళ్ల గురించి ఒక్క నోటుబుక్కు లేకపోవడం నాకు సిగ్గుగానే ఉంది.

కాబట్టి టోర్నమెంట్లు నడిపే కమిటీల వాళ్లకు నాదొక మనవి. కప్పులకు, షామియానాలకు పెట్టే ఖర్చులో కాసింత తీసి ఒక కుర్రాణ్ణి గీత పక్కన కూర్చోబెట్టండి. పాయింటు వేసినవాడి పేరు ఒక గడిలో, ఆ పాయింటుకు ముందు బంతిని బతికించినవాడి పేరు పక్క గడిలో రాయించండి. పీఈటీ మాస్టార్లూ, మీ స్కూల్లో ఆడి పెద్దవాళ్లయినవాళ్లను పిలిచి, వాళ్లు ఎవరి ఎదుట ఆడారో, ఏ దెబ్బకు ఓడారో పిల్లలచేత రాయించండి. మీ వీధిలో ముసలి ఆటగాడు ఉంటే ఈ ఆదివారమే వెళ్లండి. ఎన్ని కప్పులు గెలిచారని అడగకండి. గాలి ఎదురుగా ఉన్నప్పుడు బంతి ఎక్కడ అందుకునేవారో అడగండి. రాసినదానికి ఒక నకలు మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి, ఇంకొకటి ఈ పత్రిక చిరునామాకు నా పేర పంపండి. వచ్చినవి వచ్చినట్టు ఈ కాలమ్‌లోనే వేస్తాను.